కఫం తేలేనివాళ్ళకి మూత్రంతో టీబీ పరీక్ష: లామ్ స్ట్రిప్ ఎలా వాడాలి

మొన్న వార్డులో ఒకావిడ చేతికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, మీ ఆయన పాసుకెళ్ళినప్పుడు ఇందులో పట్టండమ్మా అన్నాను. ఆవిడది భీమిలి దగ్గర పల్లె. భర్తకి నెల రోజులుగా పొద్దుగూకేసరికి జ్వరం, మనిషి కట్టెపుల్లలా అయిపోయాడు. ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "గళ్ళ పరీక్షన్నారు కదండీ, ఇదేటి మరి? గుండెల్లో జబ్బుకి పాసు పరీక్షేటి బాబూ?" అంది.

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ రోజు ఆవిడకి రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. కానీ ఈ పరీక్ష కొత్తగా చేతికొచ్చిన ల్యాబ్ టెక్నీషియన్లకీ, స్టాఫ్ నర్సులకీ, మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్ళకీ రెండు ముక్కలు చాలవు. విశాఖలో ఏళ్ళ తరబడి ల్యాబ్ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంతలో వరసగా చెబుతాను.

ముందు పేరు దగ్గర తికమక తీర్చుకోండి

"మూత్రంలో టీబీ ప్రోటీన్ చూస్తారట" అని వార్డుల్లో వాడుక. ఆ మాట వినగానే షుగరు ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. "నాకు ప్రోటీన్ పోతోందని పోయిన నెల్లోనే చెప్పారు, అంటే టీబీ ఉన్నట్టేనా?" అని అడిగినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. మామూలు యూరిన్ పరీక్షలో ప్రోటీన్ కనపడిందంటే అది మన రక్తంలోని ఆల్బుమిన్. కిడ్నీ జల్లెడకి చిల్లు పడితే జారిపోయేది. టీబీకీ దానికీ సంబంధం లేదు. ముందు ఈ సంగతి చెప్పి వాళ్ళ గుండె కుదుటపరచండి.

ఇప్పుడు మన చేతికొచ్చే స్ట్రిప్ వెతికేది నిజానికి ప్రోటీన్ కానే కాదు. దాని పేరు లైపోఅరాబినోమన్నాన్, పొట్టిగా లామ్. టీబీ బ్యాక్టీరియా ఒంటికి మందపాటి మైనపు గోడ ఉంటుంది. ఆ గోడలో ఇమిడి ఉండే చక్కెర, కొవ్వు కలిసిన పదార్థమే లామ్. బతికున్న బ్యాక్టీరియా దాన్ని వదులుతుంది, చచ్చి విచ్చిపోయేటప్పుడూ వదులుతుంది. అది రక్తంలో చేరి, కిడ్నీ దాటి మూత్రంలోకి వస్తుంది. వంట్లో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్ళలో బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోనే ఆగకుండా రక్తం వెంట ఒళ్ళంతా పాకుతుంది, కిడ్నీల్లోకే వెళ్ళి కూర్చుంటుంది. అలాంటివాళ్ళ మూత్రంలో లామ్ ఎక్కువ. భీమిలి ఆవిడ ప్రశ్నకి జవాబు ఇదే: జబ్బు గుండెల్లో మొదలైనా గుండెల్లోనే ఉండిపోలేదేమోనని అనుమానం.

అసలు సిసలు టీబీ ప్రోటీన్లని మూత్రంలో పట్టుకునే ప్రయత్నాలూ లేకపోలేదు. ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 లాంటి ప్రోటీన్ల తునకల కోసం పరిశోధకులు వెతుకుతూనే ఉన్నారు. చిక్కంతా అవి మూత్రంలో లేశమాత్రంగా ఉండటం దగ్గరే. లామ్ సంగతికొస్తే, 2017లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అతి సూక్ష్మమైన పంజరాల్లాంటి కణాలతో మూత్రంలోని లామ్‌ని ఒడిసిపట్టి, హెచ్‌ఐవీ లేని టీబీ రోగుల్లో కూడా అది కనపడుతుందని చూపించారు. మూత్రం ఇచ్చింది పెరూ దేశపు రోగులు. అదంతా పరిశోధనశాల సంగతి. మన బల్ల మీదున్నది కాగితపు స్ట్రిప్.

ఇంకో తికమక కూడా ఉంది. కిడ్నీ టీబీ అనుమానం ఉంటే యూరాలజీ వాళ్ళు వరసగా మూడు రోజులు తెల్లవారు మూత్రం పంపమంటారు. అది బ్యాక్టీరియాని పెంచి చూసే కల్చర్ కోసం, వారాలు పడుతుంది. రిక్వెస్ట్ కాగితం మీద "యూరిన్ ఫర్ టీబీ" అని మాత్రమే రాసి ఉంటే ఊహించుకుని చేసేయకండి. రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి ఏది కావాలో అడగండి. నిమిషం పని.

ఎవరికి చేయాలి, ఎవరికి వద్దు

ఇక్కడ గట్టిగా నిలబడండి. ఈ స్ట్రిప్ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మొదట సిఫార్సు చేసింది, 2019లో పరిధి పెంచింది. ఆసుపత్రిలో చేరిన హెచ్‌ఐవీ రోగికి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు లాంటి టీబీ లక్షణాలుంటే చేయాలి. లక్షణాలు లేకపోయినా మనిషి బాగా సీరియస్‌గా ఉంటే, హెచ్‌ఐవీ ముదిరిన దశలో ఉంటే, లేదా సీడీ4 (రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) 200 కన్నా తక్కువుంటే చేయాలి. ఓపీకి నడిచొచ్చినవాళ్ళకైతే లక్షణాలుండాలి, లేదా సీరియస్‌గా ఉండాలి, లేదా సీడీ4 100 కన్నా తక్కువుండాలి. పెద్దలకీ పిల్లలకీ ఇదే పద్ధతి.

హెచ్‌ఐవీ లేనివాళ్ళకి ఈ స్ట్రిప్‌తో టీబీ ఉందనో లేదనో తేల్చకూడదు. "కఫం తేలేకపోతున్నాడు, మూత్రం ఈజీ కదా, అందరికీ చేసేద్దాం" అని ఉత్సాహపడేవాళ్ళు ప్రతిచోటా ఒకరుంటారు. వాళ్ళకి ఈ లెక్క చెప్పండి. హెచ్‌ఐవీ ఉండి, లక్షణాలుండి, నిజంగా టీబీ ఉన్న 100 మందికి చేస్తే స్ట్రిప్ పట్టేది దాదాపు 42 మందిని. మిగతా 58 మంది చేతిలోంచి జారిపోతారు. టీబీ లేని 100 మందిలో ఓ 9 మందికి ఉన్నట్టు చూపిస్తుంది. సీడీ4 100 లోపు ఉన్నవాళ్ళలో సగం మందికి కాస్త పైగానే పట్టుకుంటుంది. 200 దాటినవాళ్ళలో ఆరుగురికి ఒకరిని పడితే గొప్ప. రోగి ఎంత నీరసించిపోతే స్ట్రిప్ అంత బాగా పనిచేస్తుందన్నమాట. ఇలాంటి పరీక్ష నాకు తెలిసి ఇదొక్కటే.

సగం కూడా పట్టని పరీక్ష దేనికని మొదట్లో నేనూ పెదవి విరిచాను. తర్వాత చూస్తే, అది పట్టే సగం మందీ ఆ వారం దాటకుండా పోయే ప్రమాదమున్నవాళ్ళే. కఫం తీసే ఓపిక లేనివాళ్ళు, తీసినా అందులో బ్యాక్టీరియా కనపడనివాళ్ళు. ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రుల్లో చేసి 2016లో వెలువడిన అధ్యయనంలో, మామూలు పరీక్షలకి ఈ స్ట్రిప్ తోడు చేసిన గుంపులో 8 వారాల్లో చనిపోయినవాళ్ళు 21 శాతం. తోడు చేయని గుంపులో 25 శాతం. పాడేరు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి, మూడు బస్సులు మారి, భుజాల మీద మోసుకొచ్చినట్టు తెచ్చిన రోగిని చూసినవాళ్ళకి ఆ 4 శాతం ఎంతో అర్థమవుతుంది.

డబ్బా ఇచ్చేముందు: నోరు జాగ్రత్త

సాంకేతికం తెలిసినవాళ్ళు కూడా ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే, అందుకే కాస్త నిలబడి చెబుతాను.

ఈ పరీక్ష హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకే చేస్తారు కదా. కాబట్టి జనరల్ వార్డులో పెద్దగొంతుతో "లామ్ పేషెంట్ ఎవరమ్మా, యూరిన్ ఇచ్చారా?" అని అరిచారంటే, ఆ మాట తెలిసిన ప్రతి ఒక్కరికీ ఆ మంచం మీద మనిషి జబ్బు చాటినట్టే. డబ్బా మీద పెద్దక్షరాలతో "లామ్" అని రాసి మంచం పక్కన పెట్టినా అంతే. నేను చూశాను. పక్క మంచం తాలూకు అబ్బాయి ఫోన్‌లో ఆ మాట వెతికాడు. సాయంత్రానికి రోగి బావమరిది వచ్చి "ఏటి బావా, మాకు చెప్పలేదేటి?" అని నిలదీశాడు. మర్నాడు ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా మంచం ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఫలితం పాజిటివ్. కాగితం నా దగ్గర, మనిషి ఎక్కడో.

2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. రోగి అనుమతి లేకుండా అతని హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడాన్ని ఆ చట్టం నిషేధిస్తోంది. భార్యకైనా, అన్నదమ్ములకైనా ఆ మాట మన నోటి నుంచి వెళ్ళకూడదు. చట్టం సంగతి అటుంచినా, విశాఖ పెద్ద ఊరే గాని మనుషులు తెలిసినవాళ్ళే. కంచరపాలెంలో ఒకరికి తెలిస్తే గాజువాకలో మేనమామకి తెలుస్తుంది.

కాబట్టి డబ్బా మీద రోగి పేరు, ఐపీ నంబరు, తేదీ, టైము మాత్రమే రాయండి. ఏ పరీక్షో రిక్వెస్ట్ కాగితం మీదే ఉండాలి, ఆ కాగితం మడిచి ఉండాలి. రోగితో విడిగా మాట్లాడండి. "బాబూ, మీ జ్వరం ఎందుకొస్తోందో చూడటానికి యూరిన్ పరీక్ష ఒకటి చేస్తున్నాం. టీబీ ఉందేమోనని చూస్తుంది. మీకిష్టమేనా?" అంటే చాలు. ఇంటివాళ్ళు అడిగితే "జ్వరం కోసమమ్మా, అన్ని పరీక్షలూ చేస్తున్నాం" అనండి. అది అబద్ధమేమీ కాదు.

మూత్రం పట్టడం

ఉత్త విషయంలా కనపడుతుంది గాని ఫలితం తారుమారయ్యేది ఎక్కువగా ఇక్కడే. లామ్ లాంటి పదార్థం టీబీ బ్యాక్టీరియా సొంతం మాత్రమే కాదు. దాని చుట్టాలైన వేరే మైకోబ్యాక్టీరియాల్లోనూ, మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల్లోనూ దాన్ని పోలినవి ఉంటాయి. మూత్రంలో మలం కలిసినా, దుమ్ము పడినా లేని గీత రావచ్చు. కాబట్టి బెడ్‌పాన్‌లోంచి ఒంపి పంపితే తీసుకోకండి. మంచం దిగలేని రోగికి శుభ్రం చేసిన తర్వాత నేరుగా డబ్బాలోకే పట్టించండి. క్యాథెటర్ ఉంటే సంచీలో గంటల తరబడి నిలవున్నది వద్దు, ట్యూబులోంచి తాజాగా తీయించండి. పసిపిల్లలకి అంటించే సంచీ వాడితే విరోచనం అంటుకుందేమో కళ్ళతో చూసి మరీ తీసుకోండి.

కొత్తది, పొడిది, మూత బిగుతుగా ఉన్న డబ్బా వాడండి. ఇంటి నుంచి హార్లిక్స్ సీసాలోనో, మంచినీళ్ళ బాటిల్లోనో తెచ్చేవాళ్ళుంటారు. కోప్పడకుండా కొత్త డబ్బా ఇచ్చి ఇంకోసారి పట్టించండి. తెల్లవారి మొదటి మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి దొరికితే మంచిది. అలాగని రోగి మధ్యాహ్నం చేరితే రేపు పొద్దుటిదాకా ఆగక్కర్లేదు. ఆ క్షణాన ఇచ్చినదానితోనే చేయండి. కల్చర్‌కి పట్టినట్టు మొదటిది వదిలి మధ్యది పట్టే తంటా ఇక్కడ లేదు.

పట్టిన 8 గంటల లోపు చేసేస్తే మూత్రం బయటే ఉండొచ్చు. ఆలస్యమైతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెట్టండి, అలా 3 రోజుల దాకా పనికొస్తుంది. అంతకుమించితే గడ్డకట్టించాలి. గడ్డకట్టించిన మూత్రాన్ని మళ్ళీ వాడేటప్పుడు గది వేడికి రానిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేటనే తీసుకోవాలి. నా మాట వింటే అంతదాకా తెచ్చుకోకండి. మూత్రం వచ్చిన గంటలోనే చేసి పారేయండి.

స్ట్రిప్ పని

స్ట్రిప్‌కి కరెంటు అక్కర్లేదు, మెషీన్ అక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు ల్యాబుల్లో సగం పనులు ఆగిపోయాయి. ఇలాంటి పరీక్షైతే కొవ్వొత్తి వెలుగులోనూ నడుస్తుంది. (కొవ్వొత్తి వెలుగులో గీత మాత్రం చదవకండి, ఆ సంగతి తర్వాత చెబుతాను.)

దీనికి గిట్టనివి వేడి, తేమ. రెండూ మన ఊళ్ళో ఉచితం. కిట్‌ని 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే ఉంటుంది. మే నెలలో విశాఖలో ఏసీ లేని స్టోర్ గది 30 దగ్గర ఆగుతుందా? నేను పనిచేసిన ఒక చోట పెట్టెని పడమటి కిటికీ పక్క అరలో పెట్టేవాళ్ళు. సాయంత్రం చెయ్యి వేస్తే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలేది. ఆ లాట్‌లో కంట్రోల్ గీత (స్ట్రిప్ సరిగ్గా పనిచేసిందని చూపే గీత) కూడా రాని స్ట్రిప్పులు వరసగా వస్తే తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. వేసవిలో కిట్ ఫ్రిజ్‌లో ఉంచండి, వాడే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వండి. స్ట్రిప్పులున్న సంచీ లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని పారేయకండి. ఉక్కగా ఉన్న రోజుల్లో సంచీ నోరు తెరిచి బల్ల మీద వదిలేయకండి.

స్ట్రిప్పులు 10 కలిసిన కార్డుగా వస్తాయి. కావలసినన్నే చింపాలి. లాట్ నంబరు ఉన్న కొస చివరిదాకా మిగిలేలా రెండో కొస నుంచి చింపుకుంటూ రండి. ఆ నంబరు, గడువు తేదీ రిజిస్టర్లో రాయండి. చింపిన స్ట్రిప్ మీద రోగి నంబరు ముందే రాసుకోండి. ఒకేసారి నాలుగు పెట్టి తర్వాత రాద్దామనుకుంటే, ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఇక అసలు పని. గ్లవ్స్ వేసుకోండి. స్ట్రిప్‌ని చదునైన చోట పెట్టి, పైనున్న రేకు పొర అప్పుడే ఊడదీయండి. మైక్రోపిపెట్‌ని 60 మైక్రోలీటర్లకి తిప్పండి, కొత్త టిప్పు తొడగండి. డబ్బాని మెల్లగా ఒకసారి కలిపి, 60 తీసి, స్ట్రిప్ చివర బాణం గుర్తున్న తెల్లటి మెత్త మీద వదలండి. పిపెట్ లేదని డ్రాపర్‌తో "రెండు చుక్కలు" వేయడం నేను చూశాను. చుక్క ఎంతో ఎవరికి తెలుసు? తక్కువైతే మూత్రం గీతదాకా పాకదు, ఎక్కువైతే రంగు కొట్టుకుపోతుంది. ఈ పరీక్షలో బఫర్ ఏమీ వేయక్కర్లేదు, మూత్రం ఒక్కటే.

చుక్క వదిలిన క్షణానే టైమర్ నొక్కండి. 25 నిమిషాలు. స్ట్రిప్‌ని కదపకండి, ఫ్యాన్ గాలి సూటిగా తగలనివ్వకండి.

గీత చదవడం

25 నిమిషాలకి ముందు చూసి తేల్చకూడదు. 35 దాటాక అసలే చూడకూడదు. మధ్యలో పది నిమిషాలే మనకున్న కిటికీ.

ఈ మాట నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఈ పని మొదలెట్టిన కొత్తలో మూడు స్ట్రిప్పులు వేసి, టీకి బయటికెళ్ళాను. అక్కడ ఎవరో తెలిసినవాళ్ళు కలిసి కబుర్లలో పడి, వచ్చేసరికి గంట కావస్తోంది. రెండో స్ట్రిప్ మీద ఉందా లేదా అన్నట్టు సన్నని బూడిదరంగు గీత. "ఉంది" అని రాసి పంపేశాను. మా పెద్ద టెక్నీషియన్ గారు రిజిస్టర్‌లో పెట్టిన టైము, రాసిన టైము చూసి, ఏమీ అనకుండా అదే మూత్రంతో ఇంకో స్ట్రిప్ వేసి నా ఎదురుగా టైమర్ పెట్టారు. 25వ నిమిషంలో చూస్తే అద్దంలా తెల్లగా ఉంది. అప్పటికే వార్డులో మందులు రాయడానికి కలం తీశారు. పరిగెత్తుకెళ్ళి ఆపాను. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, అదే నాకు పెద్ద చీవాట్లు. అందుకే మీ రిజిస్టర్లో మూత్రం వేసిన టైముకొక గడి, చదివిన టైముకొక గడి పెట్టుకోండి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ ఫలితం చెల్లనట్టే.

చదివేటప్పుడు పగటి వెలుతురో, తెల్లటి ట్యూబ్‌లైటో ఉండాలి. కిట్‌తో ఒక రిఫరెన్స్ కార్డు వస్తుంది, దాని మీద లేతది మొదలు ముదురుదాకా 4 మెట్ల గీతలుంటాయి. స్ట్రిప్‌ని ఆ కార్డు పక్కన ఆనించి పెట్టి చూడండి. కంట్రోల్ గీత రావాలి, అది రాకపోతే ఏమొచ్చినా చెల్లదు, కొత్త స్ట్రిప్ వేయాలి. రోగి గీత కార్డులోని మొదటి మెట్టుతో సమానంగానో, అంతకన్నా ముదురుగానో ఉంటేనే పాజిటివ్. అంతకన్నా లేతగా ఉంటే గీత లేనట్టే లెక్క. కార్డు లేకుండా కంటి అంచనాతో చదవకండి. కార్డు పోతే ఇంకో కిట్‌లోంచి తెచ్చుకోండి. కిట్ మారితే ఆ కిట్ కార్డే వాడండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఇది గీతేనా సార్?" అని అడిగే అలవాటొకటి వచ్చింది. ఫోన్ కెమెరా తనకి నచ్చిన రంగు వేసుకుంటుంది, దాన్ని నమ్మకండి. పక్కన ఇంకో టెక్నీషియన్ ఉంటే, మీరేమనుకున్నారో చెప్పకుండా, వాళ్ళచేత కూడా చదివించండి. ఇద్దరికీ తేడా వస్తే కొత్త స్ట్రిప్‌తో మళ్ళీ చేయండి.

ఇదే లామ్‌ని వెండి రేణువులతో గీత ముదిరేలా చేసే జపాన్ స్ట్రిప్ ఒకటుంది, పట్టుకునే శక్తి దానికి చాలా ఎక్కువ. కాకపోతే ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ ఫలితాల్లో తేడాలొచ్చాయని తేలింది. మీ చేతికి ఏ కంపెనీ కిట్ వచ్చినా పైన చెప్పిన కొలతలు, టైములు అలాగే వాడేయకుండా దాని లోపలి కాగితం చదవండి.

ఫలితం రాశాక

పాజిటివ్ అయితే కాగితం సాయంత్రం రౌండ్స్ కోసం ఆగకూడదు. మీరే చేత్తో తీసుకెళ్ళి డ్యూటీ డాక్టర్‌కి ఇవ్వండి. ఈ రోగులకి రోజు కూడా ఎక్కువే. డాక్టర్ అదే రోజు మందులు మొదలుపెట్టొచ్చు.

అలాగని కఫం మానేయకూడదు. స్ట్రిప్ టీబీ ఉందని చెబుతుందే గాని, ఆ బ్యాక్టీరియా టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెప్పలేదు. అది తెలియాలంటే కఫంలో బ్యాక్టీరియా జన్యువుని వెతికే ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పింది: హెచ్‌ఐవీ ఉన్న రోగికి కఫం మీద ఆ పరీక్షా, మూత్రం మీద ఈ పరీక్షా రెండూ ఒకేసారి చేయాలి. కాబట్టి మూత్రం డబ్బా ఇచ్చినప్పుడే కఫం డబ్బా కూడా ఇవ్వండి. పొద్దున్నే నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తీయమనండి. కఫం డబ్బా వార్డు మధ్యలో కాకుండా గాలి ఆడే చోట, ఆరుబయట పట్టించండి. మూత్రం దగ్గర ఆ భయం లేదు, దాని నుంచి గాల్లోకి టీబీ పాకదు.

నెగెటివ్ అయితే "టీబీ లేదు" అని రాయకండి, నోటితో కూడా అనకండి. "లామ్ నెగెటివ్" అని మాత్రమే రాయండి. 58 మంది లెక్క గుర్తుంది కదా. నెగెటివ్ కాగితం చూసి ఇంటివాళ్ళు "హమ్మయ్య, ఏమీ లేదన్నారు" అని సింహాచలం మొక్కు తీర్చుకోడానికి బయలుదేరతారు. వాళ్ళని ఆపి, ఎక్స్‌రే, కఫం, అవసరమైతే స్కానింగ్ ఇంకా ఉన్నాయని చెప్పాలి.

మందులు మొదలయ్యాక నయమవుతోందో లేదో చూడటానికి ఈ స్ట్రిప్ మళ్ళీ మళ్ళీ వేయకండి, అది ఆ పనికి కాదు.

టీబీ తేలిన ప్రతి కేసునీ ప్రభుత్వానికి తెలియజేయాలి. ప్రైవేటు ఆసుపత్రులకీ 2012 నుంచి ఇది తప్పనిసరి. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితేనే మందులు ఉచితంగా ఇంటి దగ్గర్లో దొరుకుతాయి, 2024 నవంబర్ నుంచి తిండి ఖర్చుకి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. అంతకుముందు అది 500. బ్యాంకు ఖాతా, ఆధార్ లేని రోగులు మన ఓడరేవు పనుల్లో, చేపల రేవుల్లో బోలెడుమంది. డిశ్చార్జ్ రోజున హడావుడి పడకుండా చేరిన రోజే ఈ కాగితాల సంగతి అడగండి. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికో, కేజీహెచ్‌కో, వాళ్ళ ఊరి పీహెచ్‌సీకో ఎక్కడికి వెళ్ళి మందులు తెచ్చుకుంటారో కూడా ఆ రోజే రాసుకోండి. ఇంటికెళ్ళాక అనుమానాలొస్తే అడగడానికి నిక్షయ్ ఉచిత నంబరు 1800116666, హెచ్‌ఐవీ సంగతులకి 1097.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి కబురు చేయడం మర్చిపోకండి. రిఫాంపిసిన్ వాడుతుంటే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ రోజుకి ఒకటి చాలదు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలి. ఒక చేత్తో టీబీ మందులు, ఇంకో చేత్తో ఏఆర్‌టీ మందులు తీసుకుంటూ, ఒకరి సంగతి ఒకరికి చెప్పనివాళ్ళ కేసులు నాకు తెలుసు.

చివరిగా ఇంటివాళ్ళకి ఒక ముక్క చెప్పి పంపండి, లేదంటే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. భీమిలి ఆవిడకి నేను చెప్పడం మరిచాను. ఆయన స్ట్రిప్ మీద మూడో మెట్టు గీత వచ్చింది, ఆ మధ్యాహ్నమే మందులు మొదలయ్యాయి. మర్నాడు తెల్లవారకుండానే ఆవిడ పరుగున వచ్చింది, చేతిలో నేనిచ్చినలాంటిదే డబ్బా. మూత తీసి చూపించింది. లోపల బత్తాయి రసం కన్నా చిక్కటి నారింజ రంగు. "రగతం పోతోంది బాబూ, ఏటి చేశారు మా ఆయన్ని?" అని వణికిపోతోంది. రిఫాంపిసిన్ వేసుకున్నవాళ్ళ మూత్రం, చెమట, కన్నీళ్ళు కూడా ఆ రంగుకి తిరుగుతాయి, మందు పడుతున్న గుర్తేనమ్మా, భయం లేదు అని కూర్చోబెట్టి చెప్పాను. కాసేపు నా మొహం, కాసేపు డబ్బా చూసింది. "ముందే చెప్పొచ్చు కదండీ" అంటూ మూత బిగించి, ఆ డబ్బాని కొంగులో దాచుకుని వార్డు వైపు వెళ్ళింది.